అధ్యక్షులును దర్యాప్తును

రాజ్యమునకు శిరస్థానమున నున్నవానిపై నేరారోపణ వచ్చినయెడల, అతడు పదవియం దుండగనే దానిని దర్యాప్తు చేయవచ్చునా? లేక అతడు పదవి దిగువఱకు న్యాయము గుమ్మము వెలుపల కాచుకొని యుండవలయునా? ఈ ప్రశ్న ప్రాతదియే. కాని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 2024 జూలై 1వ తేదీన ట్రంపు వ్యవహారమున నిచ్చిన తీర్పుతో నిది మరల పెక్కు దేశములలో చర్చకు వచ్చినది. మన రాజ్యాంగములోను 361వ అధికరణము రాష్ట్రపతికిని గవర్నర్లకును ఒక కవచమును తొడిగి యున్నది. కావున నిది పరదేశపు ముచ్చటయని త్రోసివేయుటకు మనకు వీలు లేదు.

ఈ చర్చలో మొట్టమొదట గలుగు చిక్కు మాటలను గూర్చినది. దర్యాప్తు వేఱు, అభియోగము వేఱు, అరెస్టు వేఱు, శిక్ష వేఱు. మన యూళ్లలో "కేసు పెట్టినారు" అను నొక్క మాటలో నీ నాలుగును కలిసిపోవును. ఊరివారి మాటకేమి, పండితులును ఈ నాలుగింటిని ఒకే మూటగట్టి, అధ్యక్షునికి రక్షణ కావలయునని కొందఱును, కూడదని కొందఱును వాదించుచున్నారు. మా యభిప్రాయ మిది: పదవీకాలమున అరెస్టు ఆగవచ్చును, న్యాయస్థానమున విచారణయు ఆగవచ్చును, దర్యాప్తు మాత్రము ఆగరాదు. శిక్ష అయిదేండ్లు నిలిచి యుండినను శిక్షయే. సాక్ష్య మట్లు కాదు. సాక్షులు వృద్ధులగుదురు, మరణింతురు, కాగితములు మాయమగును, జ్ఞప్తి మాసిపోవును. మఱియు ఆ కాగితములపై అధికారము చెలాయించువాడు ఆరోపణకు గురియైనవాడే యైనప్పుడు, కాలహరణ మెవరికి లాభమో వేఱుగ చెప్పవలయునా?

భూవసతి గల మా పాఠకులకు దీనిని విస్తరింప బనిలేదు. గ్రామాధికారుల పదవులు 1984లో రద్దగువఱకు ఊరి లెక్కలకెల్ల కరణమే కర్త. ఆ కరణమే తన పొలపు గట్టు జరిపినాడని యొక రైతు ఫిర్యాదు చేసె ననుకొందము. కరణమునకు తత్క్షణమే సంకెళ్లు వేయవలయునని బుద్ధిమంతు డెవ్వడును కోరడు. శిస్తు వసూళ్ల కాలమున లెక్క చెప్పువాడు లేక గ్రామ మల్లాడును. కాని అడంగళ్లును పటములును అతడు పదవి విడుచుదాక అతని పెట్టెలోనే యుండవలె ననుటకు ఏ రైతు సమ్మతించును? రాజ్యాధిపతి విషయమును నింతే. పెట్టె పెద్దది, తాళము గట్టిది.

నిక్సను చరిత్రమును ఈ దృష్టితో మరల చదువవలసి యున్నది. 1972 జూన్ 17వ తేదీ తెల్లవాఱుజామున వాషింగ్టను నగరమున వాటర్‌గేటు భవనములోని డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయమున దొంగతనముగ జొరబడిన యైదుగురు పట్టుబడిరి. ఆ నవంబరున జరిగిన యెన్నికలలో నిక్సను 50 రాష్ట్రములలో 49 గెలిచి మరల అధ్యక్షు డయ్యెను. ప్రజల తీర్పు ముగిసినది; దొంగలకు శిక్షలును పడినవి. ఇక నింతటితో సరియని దర్యాప్తు చాలించియున్న, ఆ దొంగతనపు వెనుక నెవ్వ రుండిరో చరిత్రకు తెలియకయే పోయెడిది. అట్లు జరుగలేదు. 1973 జూలై 16వ తేదీన బటర్‌ఫీల్డు అను ఉద్యోగి సెనేటు సంఘము నెదుట సాక్ష్య మిచ్చుచు, అధ్యక్షుని గదిలో నాడు మాటలన్నియు రహస్యముగా టేపుల కెక్కుచున్నవని బయటపెట్టెను. ప్రత్యేక ప్రాసిక్యూటరగు ఆర్చిబాల్డు కాక్సు ఆ టేపుల నడిగెను. నిక్స నేమి చేసెను? అడిగినవానిని తొలగింపుమని అక్టోబరు 20వ తేదీ శనివారమునాడు అటార్నీ జనరలగు రిచర్డ్‌సను నాజ్ఞాపించెను. అతడు కాదని రాజీనామా యిచ్చెను. అతని తరువాతివాడగు రకిల్స్‌హౌసును ఒప్పుకొనక పదవి కోలుపోయెను. మూడవవాడగు బోర్కు చెప్పినట్లు చేసెను. దీనిని శనివారపు మారణకాండ యనిరి. ప్రాణములు పోలేదు గాని ఉద్యోగములు పోయినవి.

కాక్సు స్థానమున జావోర్‌స్కీ వచ్చెను. అతడును అవే టేపుల నడుగక తప్పలేదు. 1974 మార్చి 1వ తేదీన గ్రాండ్ జ్యూరీ నిక్సను అనుచరు లేడుగురిపై అభియోగములు మోపినది. నిక్సనుపై మోపలేదు, అతడు కుట్రలో భాగస్వామి యని మాత్రము లోలోపల నిర్ణయించి, తాను సేకరించిన సాక్ష్యమును ముద్రవేసి ప్రతినిధుల సభ న్యాయసంఘమునకు పంపినది. ఇచ్చట పాఠకులు నిలిచి యోచింపవలసి యున్నది. అధ్యక్షుని సంకెళ్లతో కోర్టున కీడ్చలేదు. అతని పరిపాలన కొక్క దినమైన నంతరాయము గలుగలేదు. అయినను సత్యము సేకరింపబడినది. దానిని వినదగినవారి చేతికి చేరినది. అభిశంసనయే అధ్యక్షునికి తగిన ఔషధము, పోలీసు దర్యాప్తు కాదు అని వాదించువారు ఆ యభిశంసనకు వస్తు వెచ్చటినుండి వచ్చునో చెప్పరు. చట్టసభలోని సభ్యులకు టేపులు ఆకసమునుండి రాలవు.

ఆ సంవత్సరము జూలై 24వ తేదీన సుప్రీం కోర్టు ఎనమండుగురు న్యాయమూర్తు లేకాభిప్రాయముతో టేపు లప్పగింపవలసినదే యని తీర్మానించిరి. ఆ యెనమండుగురిలో మువ్వురు నిక్సను నియమించినవారే; తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి బర్గరు వారిలో నొకడు. నిక్సను రాజీనామా యమలులోనికి వచ్చిన ఆగస్టు 9వ తేదీకిని ఆ తీర్పునకును నడుమ పదునాఱు దినములు. అయితే 1972 జూన్ 20వ తేదీ టేపులో పదునెనిమిదిన్నర నిమిషముల పాటు మాటలు తుడిచివేయబడి యుండెను. అందేమున్నదో నేటివఱకు లోకమునకు తెలియదు. దర్యాప్తు కొంత ఆలస్యమైన ఫలితముగా నింత పోయినది. మొత్తముగనే ఆపియుండిన నేమి మిగిలెడిది?

రక్షణ కావలయు ననువారి వాదమును మేము తేలికగా కొట్టివేయము. వారికి క్లింటను వ్యవహారము మంచి యాయుధము. అర్కన్సా గవర్నరుగ నున్న కాలములోని యొక సంగతిని గూర్చి యొక స్త్రీ వేసిన సివిలు దావాలో, పదవియం దున్నను అధ్యక్షుడు జవాబు చెప్పవలసినదే యని 1997 మే 27వ తేదీన సుప్రీం కోర్టు ఏకగ్రీవముగ చెప్పినది. దీనివలన అధ్యక్షుని కాలము పెద్దగా హరింపదని న్యాయమూర్తులు తలచిరి. 1998 జనవరిలో క్లింటను వాంగ్మూల మిచ్చెను. ఆ వాంగ్మూలములోని యసత్యము రాజుకొని డిసెంబరునాటికి అభిశంసన యయ్యెను. 1999 ఫిబ్రవరి 12వ తేదీన సెనేటు విడిచిపెట్టువఱకు ఆ దేశ మొక సంవత్సరమునకు పైగా వేఱొక మాట మాటలాడలేదు. న్యాయమూర్తుల జోస్యము తప్పినది. విరోధులు డబ్బు సమకూర్చి దావాలు వేయింపగలరనియు, ఎన్నికలలో నోడినవారు కోర్టులలో గెలువజూతు రనియు చెప్పు మాటలో సత్య మున్నది. మన తాలూకాలలో గ్రామకక్షలు కోర్టుల కెక్కిన తీరు చూచినవారు దీనిని కాదనజాలరు. కావుననే ఎవరు పడిన వారు ఎప్పుడు పడిన నప్పుడు అధ్యక్షుని బోనెక్కింపవచ్చునని మేము చెప్పుట లేదు.

అమెరికా న్యాయశాఖవారును 1973లో నొకసారియు, 2000లో నొకసారియు ఇట్టి భయముచేతనే, పదవియం దున్న అధ్యక్షునిపై అభియోగము మోపరాదని యభిప్రాయము వ్రాసికొనిరి. అది చట్టము కాదు. ఆ శాఖ తనకు దాను విధించుకొన్న కట్టుబాటు. కాని 2000 నాటి యభిప్రాయములోనే యింకొక మాట యున్నది: రక్షణ యున్న కాలమంతయు గ్రాండ్ జ్యూరీ సాక్ష్యము సేకరించుచునే యుండవచ్చును. అధ్యక్షుని పక్షమున వ్రాసినవారే దర్యాప్తునకు దారి విడిచినారు! 2017లో నియుక్తుడైన మ్యూలరు ఈ దారినే నడచెను. జ్ఞాపకములు తాజాగా నుండగనే సాక్ష్యము పదిలపఱచితి మనియు, అధ్యక్షుడు నేరము చేసెనా లేదా యను నిర్ణయము మాత్రము చేయలేదనియు 2019లో తన నివేదికలో వ్రాసెను. ఆ సంయమనము కొందఱికి పిఱికితనముగా దోచినది. మాకు తోచలేదు.

2024 నాటి తీర్పు ఈ సమతను చెఱచినది. ఆఱుగురు న్యాయమూర్తుల పక్షము మువ్వురపై నెగ్గి, అధ్యక్షుని ముఖ్య రాజ్యాంగాధికారముల విషయమున సంపూర్ణ రక్షణయు, తక్కిన యధికారిక కార్యములకు కనీసము రక్షణ కలదను భావనయు, సొంత కార్యములకు రక్షణ లేమియు విధించినది. ఇంతవఱకైన నేదో తర్క మున్నదనవచ్చును. కాని ఇది పదవి దిగినవానికిని వర్తించు రక్షణ. మఱియు నేది యధికారికమో విభజించునప్పుడు అధ్యక్షుని యుద్దేశ మేమని కోర్టులు విచారింపరాదట! రక్షణ గల యధికారిక కార్యములను వేఱొక నేరమును రుజువు చేయుటకు సాక్ష్యముగ నైనను చూపరాదట! లంచము పుచ్చుకొని యుద్యోగ మిచ్చినాడని ఆరోపణ యనుకొందము. ఉద్యోగ మిచ్చుట అధికారిక కార్యము. దాని నుద్దేశము నడుగరాదు. ఇక మిగిలిన దేమి, రూపాయల సంచి తప్ప? ఈ సాక్ష్యనిషేధమున, తీర్పులో తక్కిన భాగములకు సమ్మతించిన న్యాయమూర్తి బారెట్టు సైతము విభేదించెను. ఇది అధ్యక్షుని రక్షించుట కాదు, సత్యమును చూడకుండ న్యాయమూర్తి కన్నులకు గంతలు గట్టుట. ట్రంపు మరల ఎన్నికైన పిమ్మట ఆ కేసు 2024 నవంబరు 25వ తేదీన కొట్టివేయబడెను. ప్రాసిక్యూటరు నివేదికలో నొక సంపుటము 2025 జనవరిలో వెలువడుటచేత, కనీసము చదువదలచినవారికి చదువుకొను నవకాశమైన దక్కినది.

ఫ్రాన్సువారి మార్గము వేఱు. 2007లో సవరింపబడిన వారి రాజ్యాంగమునుబట్టి అధ్యక్షునిపై పదవీకాలమున అభియోగమే కాదు, దర్యాప్తును లేదు. సాక్షిగ పిలుచుటకైనను వీలు లేదు. కాని గడియారము నాపివైచిరి: కాలపరిమితి లెక్క పదవీకాలమున నడువదు; దిగిన నెలకు మరల మొదలగును. చూచుటకు న్యాయముగనే యున్నది. ఫలితమును చూడుడు. జాక్ షిరాక్ ప్యారిసు నగరపాలకుడుగ నున్నప్పుడు పార్టీ మనుష్యులకు నగరపాలక సంస్థ ధనముతో జీతము లిప్పించె నను అభియోగము. అతడు 1995లో అధ్యక్షుడై 2007 వఱకు పదవియం దుండెను. 2011 డిసెంబరులో దోషియని తీర్పు వచ్చి, రెండేండ్ల శిక్ష విధించి, అమలు నిలిపివేసిరి. అప్పటి కతనికి 79 ఏండ్లు. జ్ఞాపకశక్తి తగ్గె నను కారణమున కోర్టునకు హాజరు కానేలేదు. దోషమును మఱచినవానికి దోషము వినిపించిన ట్లయినది.

కొరియావారు మఱింత తెలివిగా, తమ రాజ్యాంగము 84వ అధికరణమున అధ్యక్షునికి రక్షణ నిచ్చుచునే, తిరుగుబాటు, దేశద్రోహము అను రెండు నేరములను దానినుండి మినహాయించిరి. 2024 డిసెంబరు 3వ తేదీ రాత్రి యూన్ సుక్ యోల్ సైనికశాసనము ప్రకటింపగా, ఆ మినహాయింపునకు పని కలిగినది. 2025 జనవరి 3వ తేదీన వారంటు పట్టుకొని వచ్చిన యధికారులను అధ్యక్షుని యంగరక్షకులే యడ్డగించి వెనుకకు పంపిరి. 15వ తేదీన మరల వచ్చి పట్టుకొనిరి. ఏప్రిలు 4వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము ఎనమండుగురు న్యాయమూర్తుల యేకాభిప్రాయముతో నతనిని తొలగించినది. అధ్యక్షుని పట్టుకొన్నచో రాజ్యము కూలునని భయపడువారు, ఆ నెలలలో కొరియాలో కార్ఖానాలు నడచినవా లేదా యని విచారించుకొందురు గాక.

ఇక మన సంగతి. "రాజు తప్పు చేయజాలడు" అనునది ఇంగ్లీషువారి సూత్రము. మన ధర్మశాస్త్రము మాట కాదు. సామాన్యునకు ఒక కార్షాపణము దండన యగు తప్పిదమునకు రాజునకు సహస్రము దండన యని మనువు చెప్పియున్నాడు. ఆ స్మృతిలో మేము శిరసావహింపని మాటలు పెక్కు గలవు గాని, ఈ మాట మాత్రము మా కెన్నడును రుచింపకపోలేదు. మన 361వ అధికరణమునకు మూలము వెదకినచో మనువు కడకు గాక కంపెనీ దొరల కడకు పోవలసియుండును. 1773 నాటి రెగ్యులేటింగు చట్టము గవర్నరు జనరలును, అతని సభ్యులును కలకత్తా సుప్రీం కోర్టుచే అరెస్టు గాకుండ కాపాడినది. 1935 నాటి భారతప్రభుత్వ చట్టము 306వ విభాగము గవర్నరు జనరలుపైనను, గవర్నర్లపైనను, ఇంగ్లండులోని మంత్రిపైనను ఇండియా కోర్టులలో ఏ చర్యయు చెల్లదనెను. పరాయి ప్రభుత్వమునకు ఆ గోడ యేల కావలసెనో మనకు తెలియును. స్వతంత్ర రాజ్యాంగము దానిని కొంత తగ్గించి, పదవీకాలమునకు పరిమితముచేసి, నిలుపుకొన్నది. ప్రధానమంత్రికిని ముఖ్యమంత్రులకును ఈ గోడ లేదు. పీఠ మలంకరించువారికి మాత్రమే కలదు.

ఆ యధికరణపు మాటలను సావధానముగ చదువవలెను. రాష్ట్రపతిపై గాని గవర్నరుపై గాని "ఏ న్యాయస్థానమునందును" క్రిమినలు చర్య ప్రారంభింపబడరాదు, కొనసాగరాదు. అరెస్టునకు గాని చెఱకు గాని "ఏ న్యాయస్థానమునుండియు" ఉత్తర్వు వెలువడరాదు. దర్యాప్తు అను మాట యందు లేదు. న్యాయస్థానమున జరుగరాని దానిని నిషేధించిన వాక్యమును సాగదీసి, పోలీసువారు ఫిర్యాదు వ్రాసికొనుటకును, సాక్షుల వాంగ్మూలము తీసికొనుటకును, కాగితములు భద్రపఱచుటకును అడ్డుగ నిలుపుట మాకు సమ్మతము కాదు. రాజ్యాంగకర్తలకు దర్యాప్తు నాపవలె ననియున్న ఆ మాట వ్రాయుట వారికి కష్టమా? 2006లో రామేశ్వర ప్రసాదు కేసులో, బీహారు శాసనసభ రద్దును గూర్చి సుప్రీం కోర్టు చెప్పినదియు నీ దారిలోనిదే: గవర్నరు స్వయముగ జవాబు చెప్పుకొన నక్కఱలేదు గాని, ఆయన చేసిన పనిలో దురుద్దేశ మున్నదా యని కోర్టు పరిశీలింపవచ్చును. కార్యమును పరీక్షింపుడు, వ్యక్తిని పిలువకుడు అని తాత్పర్యము.

ఈ కవచము గోరనివారికిని హాని చేయగలదు. బాబ్రీ మసీదు 1992 డిసెంబరు 6వ తేదీన కూలినప్పుడు ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగ నుండిన కల్యాణ్ సింగుగారు, 2017 ఏప్రిలులో సుప్రీం కోర్టు తక్కిన నాయకులపై కుట్ర అభియోగములను పునరుద్ధరించునాటికి రాజస్థాన్ గవర్నరు. ఆయన పదవి దిగినపిదప అభియోగము మోపవలయునని న్యాయస్థాన మాదేశించినది. 2019 సెప్టెంబరులో దిగిరి. ఆ నెలలోనే అభియోగము. 2020 సెప్టెంబరు 30వ తేదీన తక్కిన ముద్దాయి లందఱితోపాటు ఆయనయు నిర్దోషి యని లక్నో ప్రత్యేక న్యాయస్థానము విడిచినది. ఆ తీర్పు గుణదోషముల జోలికి మే మిప్పుడు పోము. దోషియైనవాని శిక్ష నాలస్యము చేసిన కవచము, నిర్దోషియని తేలినవానికి నిర్దోషిత్వమును నాలస్యము చేసినది గాదా? ఇఱువది యైదేండ్ల నాటి ఘటనకు మఱి రెండేండ్లు కలిసినవి.

దీనికి భిన్నముగ వరాహగిరి వేంకటగిరిగారు చేసిన పనిని ఆంధ్రులమై మనము స్మరింపవలసి యున్నది. 1969 ఆగస్టు రాష్ట్రపతి యెన్నికలో ఆయనయు నీలం సంజీవరెడ్డిగారును, ఇరువురు తెలుగువారు, పోటీపడిరి. సంజీవరెడ్డిగారిని దూషించు నొక కరపత్రము పార్లమెంటు సభ్యులలో పంచిపెట్టబడెను. దానివలన ఎన్నిక కలుషితమైనదని సుప్రీం కోర్టున పిటిషనులు పడినవి. గిరిగారు రాష్ట్రపతియై యుండియు 1970లో ఆ న్యాయస్థానమునకు స్వయముగ వచ్చి సాక్ష్య మిచ్చిరి. అది క్రిమినలు వ్యవహారము గాదు, నిజమే. ఎన్నిక తగవులకు రాజ్యాంగమే వేఱు దారి చూపినది. కాని రాష్ట్రపతి సాక్షియై నిలిచి, ప్రశ్నలు విని, జవాబులు చెప్పి, తిరిగి రాష్ట్రపతిభవనమునకు పోయి పని చూచుకొనెను. దేశమున కే యుపద్రవమును రాలేదు. పిటిషనులు కొట్టివేయబడినవి. ఏడేండ్లకు సంజీవరెడ్డిగారును పోటీ లేకయే రాష్ట్రపతి యైరి.

రాష్ట్రపతిని తొలగించుటకు 61వ అధికరణము అభిశంసన మార్గమును చూపినది గదా యందురు. నాలుగవవంతు సభ్యుల సంతకములు, పదునాలుగు దినముల ముందు నోటీసు, ఉభయసభలలోను మొత్తము సభ్యులలో మూడింట రెండువంతుల యంగీకారము కావలయును. అదియు రాజ్యాంగ ఉల్లంఘన కొక్కదానికే. నేటివఱకు ఏ రాష్ట్రపతిపైనను అది ప్రయోగింపబడలేదు; ప్రయోగింపవలసిన యవసరము రాకపోవుట మన యదృష్టము. గవర్నర్ల కీ యభిశంసనయు లేదు. వారిని కేంద్రము నియమించును, కేంద్రమే తొలగించును. కేంద్రమున కిష్టుడైన గవర్నరుపై ఆరోపణ వచ్చినచో, రాష్ట్రములోని పోలీసులు దర్యాప్తు చేయరాదని వాదించి, కేంద్రము తొలగింపక ఊరకున్న, ఫిర్యాదు చేసిన యనాథ యెవరి ముఖము చూడవలెను?

ఇంకొక చిన్న లెక్క యున్నది. మూడేండ్ల చెఱకు మించని శిక్ష గల నేరములకు మన క్రిమినలు ప్రక్రియా చట్టము కాలపరిమితి పెట్టియున్నది. అందు మిక్కిలి దీర్ఘమైనది మూడేండ్లు. గవర్నరు సాధారణ పదవీకాలము అయిదేండ్లు. పదవిలో చేరిన తొలియేట జరిగిన యట్టి నేరము, ఆయన దిగునాటికి గడువు దాటిపోవును. ఆలస్యమును మన్నించు నధికారము న్యాయాధిపతికి గలదు గాని, అది ఆయన దయ. ఫిర్యాదీ హక్కు కాదు. ఫ్రాన్సువారు ఆపిన గడియారమును మన మాపలేదు. దీనికి రాజ్యాంగ సవరణ యక్కఱలేదు. 361వ అధికరణపు రక్షణ యున్న కాలము పరిమితి లెక్కలోనికి రాదనియు, ఆ కాలమున దర్యాప్తునకు ఆటంకము లేదనియు, 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో రెండు వాక్యములు చేర్చిన చాలును. పార్లమెంటులోని మన తెలుగు సభ్యులలో న్యాయవాదవృత్తి నెఱిగినవారు ఒక అనధికార బిల్లుగ నైన దీనిని ప్రవేశపెట్టుదురా?